నేను రాయని తిట్లు

ఆ రోజు పోలీసు ఠాణాలో నేను రాసిచ్చింది ఒకే ఒక్క కాగితం. నీలం సిరాతో, గుండ్రటి హిందీ అక్షరాలతో, ఒక్క కొట్టివేత కూడా లేకుండా రాశాను. కింద సంతకం పెట్టాను. ముప్పై ఏళ్లు పిల్లల కాపీ పుస్తకాలు దిద్దిన చెయ్యి కదా, కాగితం చూసిన మున్షీ, అంటే ఠాణాలో రాతకోతలు చూసే పోలీసు, "వాహ్ మేడమ్‌జీ, ఎంత చక్కటి రాత!" అని మెచ్చుకున్నాడు కూడా. ఒక మనిషి చావుకు మిగిలిన సాక్ష్యాన్ని అంత చక్కటి రాతలోనే నేను తుడిచేశానని నాకు తెలియడానికి పది నెలలు పట్టింది.

మా నాన్న విజయనగరం దగ్గరి పల్లె నుంచి భిలాయి వచ్చి ఉక్కు ప్లాంటులో చేరాడు. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడే చదువుకుని, తెలుగు మీడియం బడిలో టీచరునయ్యాను. పిల్లలు లేక ఆ బడి మూతపడ్డాక ఈ ఊళ్లోనే రిసాలి పేటలో ఒక ప్రైవేటు బడిలో హిందీ చెప్పాను. మా ఆయన ప్లాంటులోనే కోక్ ఓవెన్ల దగ్గర పని చేసి రిటైరయ్యాడు. రిసాలిలోనే ఉంటున్నాం. మా ఇంటి వెనక గోడ దాటితే చిన్న బస్తీ. అందులో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం ఉండేది. భార్య నన్ను టీచరమ్మా అనేది. నేను చెల్లీ అనేదాన్ని. అలా పిలిచి పిలిచి అదే ఆమె పేరైపోయింది నాకు. ఆమె భర్త హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఇనుప ప్లేట్లు కోసే చిన్న ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. తక్కువ మాటల మనిషి. వాళ్లకు ఒక్కతే కూతురు. నా దగ్గరికి ట్యూషన్‌కు వచ్చేది. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడుతుంది. చదవడం మాత్రం హిందీలోనే.

చెల్లి నోరు మంచిది కాదు. కుళాయి దగ్గర బిందె ముందుకు జరిపితే చాలు, అవతలి మనిషి తాత ముత్తాతలందర్నీ కిందికి దించేది. నేను గోడ ఇవతలి నుంచి చెప్పేదాన్ని.

"ఆడపిల్ల ఉన్న ఇల్లు. ఏటమ్మా ఆ మాటలు?"

"ఏటి సెయ్యమంటారు టీచరమ్మా, అనీకపోతే నాకు ఊపిరాడదు" అనేది నవ్వుతూ.

బడిలో బూతు మాట్లాడిన పిల్లల చేత "నేను చెడ్డ మాటలు మాట్లాడను" అని వంద సార్లు రాయించిన దాన్ని నేను. ఆ శిక్ష సరైనదేనని ఇప్పటికీ సగం నమ్ముతాను. మిగతా సగం ఎలా పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఒక మంగళవారం మధ్యాహ్నం ఫ్యాక్టరీలో ప్లేట్లు ఎత్తే గొలుసు తెగి, ప్లేటు మీద పడి చెల్లి భర్త చనిపోయాడు. ఈ వార్త చెల్లికి ఫ్యాక్టరీ నుంచి రాలేదు. పక్క షెడ్డులో పనిచేసే ఒకాయన ఫోను చేశాడు. ఆమె వెళ్లేసరికి శవాన్ని ఆస్పత్రి మార్చురీకి తీసుకుపోయారు. మరుసటి రోజు దహనం అయిపోయింది. ఆ సాయంత్రమే తెలిసింది, చనిపోయిన మనిషి తమ దగ్గర పనిచేసేవాడు కాదని ఫ్యాక్టరీ యజమాని పోలీసులకు చెప్పాడట. ఎవరో బయటివాడు, తాగి, గేటు తెరిచి ఉంటే లోపలికి వచ్చి ప్లేట్ల కింద కూర్చున్నాడు అన్నాడట. హాజరు రిజిస్టరులో అతని పేరు లేదు. జీతం ఎప్పుడూ చేతికే ఇచ్చేవాళ్లు. తోటి పనివాళ్లలో ఒక్కడు కూడా ఏమీ మాట్లాడలేదు.

మూడో రోజు పొద్దున్న, షిఫ్టు మొదలయ్యే వేళకు చెల్లి ఆ గేటు ముందు నిలబడింది. యజమాని కారు వచ్చింది. ఆమె తిట్టడం మొదలుపెట్టింది. గేటు కాపలావాడు తన ఫోనులో వీడియో తీశాడు. మధ్యాహ్నానికల్లా ఆమె మీద కేసు అయింది. బహిరంగ ప్రదేశంలో అశ్లీలమైన మాటలు మాట్లాడినందుకు. చనిపోయినవాడి విషయంలో మాత్రం ప్రమాదం అని ఒక వాక్యం రాసుకుని ఊరుకున్నారు.

నేను ఠాణాకు వెళ్లేసరికి నాలుగు గంటలైంది. బస్తీలోని ఒకామె పరుగెత్తుకొచ్చి చెప్పింది. "టీచరమ్మా, బేగి రండి, కుర్రదాన్ని కూడా లోపల కూకోబెట్టీసినారు."

లోపల నేను చూసిన దృశ్యం ఇప్పటికీ కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది. చెల్లి గోడ వారన నేల మీద కూర్చుని ఉంది. చీర కొంగు నడుముకు చుట్టుకుని, కళ్లు పొడిగా, గేటు దగ్గర ఎలా నిలబడిందో అలాగే బిగుసుకుపోయి ఉంది. బల్ల ముందు కుర్చీలో పదహారేళ్ల కూతురు. మున్షీ ఆ పిల్ల ముందు ఫోను పెట్టి వీడియో నడిపిస్తున్నాడు. కొంచెం నడిపి, ఆపి, "ఇప్పుడేమంది? ఏక్ ఏక్ శబ్ద్ బోలో, ఒక్కో మాటా చెప్పు" అంటున్నాడు. తల్లి తిట్టిన తిట్లను కూతురు హిందీలో చెప్పాలి. అతను రాసుకుంటాడు. అతనికి తెలుగు రాదు. తెలుగు వచ్చిన వాళ్లెవరూ ఆ సమయానికి ఠాణాలో లేరు. నిజానికి అతను దుర్మార్గుడు కూడా కాదు. పిల్లకు టీ తెప్పించి పెట్టాడు. తాగకుండా అలాగే చల్లారిపోయింది.

పిల్ల నన్ను చూసి లేచి వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఆంటీ, మై నహీ బోలూంగీ. అమ్మ మాటలు నాను సెప్పను" అంది.

నాకు ఒళ్లు మండింది. "ఇది చిన్నపిల్ల. తల్లి మాటలు దీని చేత చెప్పిస్తారా? నేను టీచర్ని. తెలుగూ వచ్చు, హిందీ వచ్చు. నేను రాసిస్తాను" అన్నాను.

మున్షీకి ప్రాణం లేచొచ్చినట్టుంది. వెంటనే కుర్చీ జరిపాడు. పిల్లను బయటికి పంపించాను. ఫోను నా ముందు పెట్టుకున్నాను.

వీడియో ఆరేడు నిమిషాలుంటుంది. మూడు సార్లు చూశాను. ఆమె అన్న మాటలు ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు రాయలేదు కనుక, ఇప్పుడు ఒక్కటీ వదలకూడదనుకుంటున్నాను.

"ఒరే దొంగ నా కొడకా! నా మొగుడెవులో నీకు తెలీదా? పదకొండేళ్లు నీకాడ సాకిరీ సేసినోడు తెలీదా? నీ కూతురి పెళ్లికి కుర్సీలు మోసినోడు తెలీదా? గొలుసు అరిగిపోనాది బాబూ, తీగెట్టి కట్టీసి నడుపుతన్నారు, ఎవులి మీదన్నా పడిపోద్ది బాబూ అని రెండు నెల్ల నుంచి నీకాడ మొత్తుకున్నాడు కదరా లంజకొడకా! తాగీసి లోపలికి దూరీసినాడంటావా? తాగినోడు కేరేజీ తెచ్చుకుంటాడేట్రా? ఎల్లి సూడు, ఎడం గోడకి ఆడు కొట్టుకున్న మేకుంది. దానికి పచ్చ సంచీ ఉంది. నాను వొండిన అన్నం అందులో కుళ్లిపోతంది. నిన్ను కన్న కడుపు కాలిపోనూ! నీ నోట్లో పురుగులు పడిపోనూ! నీ పాడె నా కళ్లతోటి సూడాల్రా నాను!"

ఆ తర్వాత ఇంకా ఉంది. యజమాని తల్లిని పెట్టి అన్న మాటలు. అవి చాలా హీనమైన మాటలు. ఆ తల్లి ఎవరికీ ఏ పాపమూ చేసి ఉండదు. వీడియోలో ఒకచోట కారు వెనక సీటు కనిపిస్తుంది. తెల్ల చీర కట్టుకున్న ముసలావిడ ఒకరు కూర్చుని ఉంటారు. ఆవిడకు తెలుగు తెలియకపోవచ్చు, కానీ మధ్యలో చెల్లి ఒకటి రెండు తిట్లు హిందీలో కూడా తిట్టింది. ఆవిడ మొహం అటు తిప్పుకుని పవిట నోటికి అడ్డం పెట్టుకోవడం నేను చూశాను. తిట్టిన మనిషి కడుపుమంట ఎంత నిజమో, ఆ ముసలావిడ మొహం అంత నిజం. ఏదో ఒకటే చెప్పి ఊరుకోవడం నాకు చేతకాదు.

నేను కలం తీసుకున్నాను. ఉన్నది ఉన్నట్టు రాస్తే చెల్లి జైలుకు పోతుందని భయం. అంతకంటే, ఆ మాటలు నా చేత్తో రాయడానికి నాకు ఒంటి నిండా సిగ్గు. మా ఆయనకు ఫోను చేశాను. ఆయన నెమ్మదిగా అన్నాడు.

"మెత్తగా రాసీ. గొలుసులూ తీగలూ కూడా రాయకు. ఫ్యాక్టరీ మీద నింద ఏసిందని పరువునష్టం కేసు ఇంకోటి పెట్టీగల్రు. చావు సంగతి పోలీసులే చూసుకుంటారు కదా."

నాకూ అదే సబబుగా తోచింది. చావు మీద విచారణ జరిగితే లోపలికి వెళ్లి గొలుసును ఎలాగూ చూస్తారు, నేను చెప్పాలా అనుకున్నాను. రాశాను: "భర్తను పోగొట్టుకున్న దుఃఖంలో ఈ స్త్రీ ఏడుస్తోంది. తన భర్త మంచివాడని, తనకు అన్యాయం జరిగిందని పదేపదే అంటోంది. యజమానిని నిందిస్తూ, దేవుడు శిక్షిస్తాడని శపిస్తోంది. కొన్ని కఠినమైన మాటలు వాడింది." ఇదే సంగతిని తిప్పి తిప్పి పేజీ నింపాను.

మున్షీ చదివి, వీడియో వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. ఆ గొంతులో ఏడుపు లేదని అతనికీ తెలుసు. "ఇంతేనా మేడమ్‌జీ?" అన్నాడు. "ఇంతే" అన్నాను.

చెల్లిని ఆ సాయంత్రమే జామీను మీద వదిలేశారు. బయటికి వచ్చేటప్పుడు ఆమె మున్షీ బల్ల ముందు ఆగి హిందీలో అడిగింది. "ఆ ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ పదకొండేళ్లు నా మొగుణ్ణి తల్లి పేరుతోటి తిట్టాడు. పొద్దున్నా సాయంత్రమూ తిట్టాడు. ఆ తిట్లకి కేసు లేదా సాబ్?" మున్షీ తల వంచుకుని ఫైలుకు దారం కట్టుకున్నాడు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో నేను గర్వపడ్డాను. ఆ మాట దాచడం లేదు. ఒక పిల్లను కాపాడాను, ఒక ఆడదాన్ని జైలు నుంచి తప్పించాను అనుకున్నాను.

తర్వాత దుర్గ్ కోర్టులో ఒక వకీలును పెట్టుకున్నాం. చెల్లి తరఫున చావు పరిహారం కేసు కూడా ఆయనే వేశాడు. పెద్దాయన, ఓపిక ఉన్నవాడు. తిట్ల కేసు గురించి నేను అడిగినప్పుడు కోర్టు వసారాలో నిలబడి చాలాసేపు చెప్పాడు. రాజ్యాంగం మాట్లాడే హక్కు ఇచ్చింది, ఆ పక్కనే మర్యాద అనీ నీతి అనీ హద్దులూ పెట్టింది. అయితే ఉత్త తిట్టు, విన్నవాళ్లకు ఎంత నొప్పి కలిగించినా, అశ్లీలం కిందికి రాదని పై కోర్టులు అన్న తీర్పులు ఉన్నాయి. గట్టిగా వాదిస్తే గెలవచ్చు.

"అయితే వాదించండి" అన్నాను.

"వాదిస్తాను. నాలుగేళ్లు తిరగాలి. నెలకో వాయిదా. ఆమె వాయిదాకు వచ్చిన రోజల్లా పని పోతుంది. ఇలాంటి కేసుల్లో అందరూ ఒప్పుకుని ఒక్క రోజులో బయటపడతారు మేడమ్. ఆ హక్కు నిజంగా ఉందో లేదో తేలేదాకా నిలబడిన వాళ్లను నేను చూడలేదు."

కానీ మాకు ఆ ఇబ్బంది లేదని కూడా ఆయనే అన్నాడు. నా కాగితంలో అశ్లీలం ఏమీ లేదు. వీడియో ఉన్న సీడీ కోర్టు కంప్యూటరులో తెరుచుకోవడం లేదు. కాపలావాడు ఆ ఫోనే పోయిందన్నాడు. ఇక మిగిలింది నా తర్జుమా ఒక్కటే. చెల్లి "నేను తిట్టలేదు, ఏడ్చాను" అంటే చాలు, కేసు నిలవదు. నేను పొంగిపోయాను. చెల్లికి చెప్పి పెట్టమని ఆయన నాకు అప్పగించాడు. మెజిస్ట్రేటు ఏమడిగినా లేదని చెప్పు అని మాత్రం చెప్పాను. ఏడుపు సంగతి చెప్పలేదు. ఎందుకో నోరు రాలేదు.

ఆ రోజు కోర్టు హాలు కిక్కిరిసి ఉంది. మెజిస్ట్రేటు చిన్న వయసు ఆడమనిషి. పేషీ మీద పేషీ పిలుస్తున్నారు. చెల్లి వంతు వచ్చింది. గుమస్తా ఆరోపణ చదివాడు. దాంతోపాటు నా కాగితం కూడా చదివాడు. "దుఃఖంలో ఈ స్త్రీ ఏడుస్తోంది" అన్న దగ్గర చెల్లి తల తిప్పి నా వైపు చూసింది. ఆమెకు హిందీ బాగానే అర్థమవుతుంది. ఇరవై ఏళ్లుగా ఇక్కడే బతుకుతోంది.

నేరం ఒప్పుకుంటున్నావా అని మెజిస్ట్రేటు అడిగింది. "జుర్మ్ కబూల్ హై?"

చెల్లి ఆమె వైపు తిరిగి, "నాను ఏడవలేదు" అంది తెలుగులో. తర్వాత హిందీలో మళ్లీ చెప్పింది. "నేను ఏడవలేదు సాబ్. తిట్టాను. ఈ కాగితంలో ఉన్నవి నా మాటలు కావు."

వకీలు గొంతు సవరించుకున్నాడు. మెజిస్ట్రేటు ఓపికగానే చెప్పింది. "అమ్మా, తప్పు ఒప్పుకుంటున్నారా లేదా, అది చెప్పండి."

"తిట్టానని ఒప్పుకుంటాను. తప్పని ఒప్పుకోను."

హాల్లో ఎవరో నవ్వారు. మెజిస్ట్రేటు నవ్వలేదు. ఒకసారి కలం కింద పెట్టి మళ్లీ తీసుకుంది. రెండింటిలో ఏదో ఒకటే రాయడానికి వీలుంటుందని, తప్పు కాదంటే సాక్షులను పిలిచి విచారణ చేయాలని, మళ్లీ వాయిదా వేస్తానని చెప్పింది. అప్పటికే రెండు వాయిదాలకు వచ్చి, చెల్లి తాను అంట్లు తోమే రెండిళ్లలో పని పోగొట్టుకుంది. మూడో ఇంటివాళ్లు కూడా మానిపిస్తామన్నారు. "రాసుకోండి. తిట్టాను. అంతే రాసుకోండి" అంది.

కోర్టు లేచేదాకా శిక్ష, కొంచెం జరిమానా. కోర్టు లేచేదాకా అంటే సాయంత్రం మెజిస్ట్రేటు బల్ల దిగి వెళ్లేవరకూ ఆ హాల్లోనే వెనక బెంచీ మీద కూర్చోవాలి. అప్పుడు టైము పన్నెండున్నర. నేను కూడా పక్కన కూర్చున్నాను.

ముందు బెంచీల్లో మనుషులు మారుతూ ఉన్నారు. ఫ్యాను శబ్దం. రెండు గంటల ప్రాంతంలో ఆమె నెమ్మదిగా అడిగింది.

"మేకు సంగతి రాసేరా అక్కా?"

నన్ను టీచరమ్మా అనకుండా అక్కా అనడం అదే మొదలు.

"లేదమ్మా."

"సంచీ సంగతి?"

"లేదు."

"గొలుసు మార్సమని అడిగినాడని... అదన్నా రాసేరా?"

"నీ మీద ఇంకో కేసు పెడతారేమోనని భయపడ్డాను చెల్లీ. చెడ్డ మాటలు తీసేద్దామనుకున్నాను. ఆ మాటల్లోనే కలిసిపోయి ఉన్నాయి అవి కూడా."

ఆమె నా వైపు చూడలేదు. చేతుల వైపు చూసుకుంది. "ఏడిసే దాన్నయితే ఇంట్లో కూకుని ఏడిసీదాన్ని కదా. అంత దూరం ఎందుకెల్తాను? నలుగురూ ఇంటారని ఎల్లేను. మామూలుగా సెప్తే ఎవులూ ఆగరక్కా. తిడితేనే ఆగుతారు. ఆగితే ఆ సంచీ సంగతి ఇంటారని."

"నన్ను క్షమించమ్మా" అన్నాను.

"మీరు మంచికే సేసినారు" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఎత్తిపొడుపు ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

అయిదు దాటాక కోర్టు లేచింది. మేము బయటికి వచ్చి వకీలుకు సంగతంతా చెప్పాం. అవన్నీ కాగితంలో ఉన్నాయనే నమ్మకంతో చెల్లి ఆయనకు విడిగా ఎప్పుడూ చెప్పలేదు. ఆయన కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. చనిపోయిన మూడో రోజునే, ఎవరూ నేర్పకముందే, భార్య నోటి నుంచి వచ్చిన మాటలవి అన్నాడు. ఆ మేకు, ఆ సంచీ, ఆ గొలుసు ఆ రోజు కాగితం మీద ఉండి ఉంటే, అదీ వాళ్లే పెట్టిన కేసు కాగితం మీద ఉంటే, అతను అక్కడ పనిచేయలేదని వాళ్లు ఎలా అంటారు? ఎవరైనా వెళ్లి గోడ చూసి ఉండేవాళ్లు. ఇప్పుడు ఆ షెడ్డుకు కొత్త రంగు వేశారు. గొలుసు, దాని కొక్కెం అన్నీ మార్చేశారు.

"నేను వచ్చి చెప్తాను. నేను తప్పు రాశానని చెప్తాను" అన్నాను.

"ఆలోచించుకోండి. పోలీసులకు తప్పు తర్జుమా ఇచ్చానని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది."

మా ఆయన వద్దన్నాడు. మూడో రోజు పొద్దున్న ఆయనే అన్నాడు. "గొలుసు సంగతి రాయొద్దని నేనే కదా చెప్పేను. పద, నేనూ వస్తాను."

పరిహారం కేసులో నేను సాక్షిగా బోనెక్కే రోజుకు ఇంకో ఏడు నెలలు పట్టింది. ఫ్యాక్టరీ తరఫు వకీలు చాలా మర్యాదస్తుడు. నన్ను మాతాజీ అంటూనే ప్రశ్నలు వేశాడు. మీరు ఎన్నేళ్లు టీచరుగా చేశారు, పిల్లలకు అబద్ధం చెప్పకూడదని నేర్పారా, ఈ సంతకం మీదేనా, ఆ రోజు ఎవరైనా మిమ్మల్ని బలవంతం చేశారా. అన్నిటికీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చివరికి అతను అన్నాడు.

"అయితే ఆ రోజు అబద్ధం రాశారు. లేదా ఇవాళ అబద్ధం చెప్తున్నారు. ఆమె ఏమన్నదో మీకు నిజంగా గుర్తుంటే, ఆ మాటలు చెప్పండి."

నేను ఆ ప్రశ్న వస్తుందని ఎదురుచూడలేదు. అరవై నాలుగేళ్లు నాకు. బోను కర్రను పట్టుకున్నాను. ఎదురుగా బెంచీ మీద చెల్లి, ఆమె పక్కన కూతురు, వెనక వరుసలో మా ఆయన. చెప్పడం మొదలుపెట్టాను. ముందు తెలుగులో, తర్వాత హిందీలో. దొంగ నా కొడకా దగ్గర నుంచి మొదలుపెట్టి, పదకొండేళ్లు, కుర్చీలు, గొలుసు, తీగ, మేకు, పచ్చ సంచీ, అన్నం. మధ్యలోని తిట్లన్నీ వాటి వాటి చోట్లలోనే చెప్పాను. యజమాని తల్లిని అన్న మాటలు కూడా. నా గొంతు పెద్దదైపోతోందని నాకు తెలుస్తోంది, కానీ తగ్గించడం రాలేదు. చెల్లి తల దించుకుంది. ఆమె మాటలు ఆమె గొంతులో ఎంత సహజంగా ఉండేవో, నా గొంతులో అంత వికారంగా ఉన్నాయి.

విచారణ చేస్తున్న అధికారి చెయ్యెత్తారు. "బస్, బస్." టైపు చేసే అతని వైపు తిరిగి, "అభ్యంతరకరమైన మాటలు రికార్డులో వద్దు. సారాంశం రాయండి" అన్నారు.

"సార్, అన్నీ రాయండి. తీసేస్తే మళ్లీ నేను చేసినట్టే అవుతుంది" అన్నాను.

"రికార్డుకు ఒక మర్యాద ఉంటుంది మేడమ్."

నన్ను సంతకం పెట్టమన్నప్పుడు చదివాను. గొలుసు ఉంది. మేకు, సంచీ ఉన్నాయి. తిట్లు ఉండాల్సిన చోట్ల చుక్కలు ఉన్నాయి. చదువుతుంటే అది ఎవరో తీరిగ్గా ఆలోచించి, వరసగా పేర్చి చెప్పిన వాంగ్మూలంలా ఉంది. ఆ మంట లేకపోతే ఆ నిజం నేర్పించినట్టు కనిపిస్తుందని అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. సంతకం పెట్టాను.

ఉత్తర్వు వానాకాలంలో వచ్చింది. చనిపోయిన వ్యక్తి అక్కడ పనిచేసినట్టు రుజువు కాలేదు. ఒక సాక్షి చెప్పినవి, ఆమె స్వహస్తంతో రాసిన పాత కాగితానికి పూర్తిగా విరుద్ధంగా ఉన్నాయి, కనుక నమ్మదగినవి కావు. ఆ సాక్షిని నేనే. దావా కొట్టేశారు.

ఆ రోజు కోర్టు మెట్ల మీద చాలాసేపు నిలబడ్డాం. వాన తగ్గడం లేదు. కూతురికి అప్పటికి పద్దెనిమిది దాటాయి. సుపేలా బజారులో ఒక బట్టల షాపులో చేరింది, చదువు ఆగిపోయింది. ఆ పిల్ల నా పక్కకు వచ్చి హిందీలో అడిగింది.

"ఆంటీ, ఆ రోజు ఠాణాలో నన్నే చెప్పనిచ్చి ఉంటే? నాకు సిగ్గేసేది. ఏడ్చేదాన్ని. కానీ అన్నీ చెప్పేసేదాన్ని కదా. నాకు మార్చి చెప్పడం వచ్చేది కాదు."

"ఒలే, ఊరుకో" అంది చెల్లి.

పిల్ల చున్నీ తలకు కప్పుకుని మెట్లు దిగిపోయింది. ఆ పిల్లను ఆ కుర్చీలోంచి లేపడం తప్పా అని నన్ను నేను ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నా, కాదనే అనిపిస్తుంది. లేపిన తర్వాత నేను చేసింది మాత్రం తప్పు.

పై కోర్టుకు అపీలు వేద్దామన్నాడు వకీలు. చెల్లి ముందు వద్దంది. వారం తర్వాత గోడ దగ్గరికి వచ్చి, "ఏసీయండక్కా" అంది. కాగితాలు బిలాస్‌పూర్ హైకోర్టుకు వెళ్లాయి. వాటితోపాటు నా చేత్తో రాసిన ఒక అర్జీ కూడా పెట్టించాను. ఆ పొద్దున్న ఆమె ఏమన్నదో ఒక్క మాట వదలకుండా, తెలుగు మాట, ఎదురుగా హిందీ అర్థం. అర్జీని ఫైలులో ఉండనిస్తారో తీసేస్తారో తెలియదని వకీలు ముందే చెప్పాడు. చెల్లి ఇప్పుడు రెండిళ్లలో అంట్లు తోముతోంది. ఎదురైతే పలకరిస్తుంది, మోకాళ్ల నొప్పి ఎలా ఉందని అడుగుతుంది. కూతురు మాత్రం నేను కనిపిస్తే పక్క సందులోకి తిరిగిపోతుంది. అపీలు ఇంకా విచారణకు రాలేదు.